గైరు లేని పూటలు

సోమవారం

వంట: జొన్నన్నం, చామదుంపల వేపుడు, చారు.
తప్పు: చారులో జీలకర్ర బదులు వాము వేశాను.
పట్టింది: పైడయ్య చిన్నాన్న.

వంటింటి పుస్తకంలో రోజూ ఈ మూడు ముక్కలు రాస్తే చాలంటారు. నాకంటే ముందున్న వంటమనిషి అంతే రాసేది. నా నోరు ఎలాగూ ఊరుకోదు, చెయ్యి మాత్రం ఎందుకు ఊరుకోవాలి. చదివే ఓపిక లేనివాళ్ళు పై మూడు ముక్కలు చదివి పుస్తకం మూసేయండి.

ఈ ఇంట్లో వంటమనిషి రోజుకో తప్పు కావాలని చేయాలి. తినేవాళ్ళు దాన్ని పట్టాలి. పట్టినవాడు నన్ను నాలుగు మాటలంటాడు, నేను పడతాను, పడి "ఉన్నావులే" అంటాను. అదే ఇక్కడి దండం, అదే దీవెన. ఒళ్ళుండి తను లేకుండా గైరులో ఉన్న మనిషి తప్పు పట్టలేడు. గడ్డి పెట్టినా "బాగుందండి" అని తిని కంచం కడుక్కుంటాడు. అందుకే గైరు మానుకున్నవాళ్ళముండే మా ఇంటిని ఊళ్ళోవాళ్ళు తప్పులిల్లు అంటారు. బోర్డు మీద వేరే మంచి పేరేదో ఉండేది. ఉప్పుగాలికి అక్షరాలు రాలిపోతే ఎవరూ మళ్ళీ రాయించలేదు.

సత్తిబాబుకి ఈ ఆట చేతకాదు. ఇదివరకు సముద్రం కట్టకి పనివాళ్ళ బస్సు తోలేవాడు. గైరులోనే తోలేవాడట, అందరూ అలాగే తోలేవారు. కంచం ముందు కూర్చుంటూనే ఉప్పెక్కువంటాడు, కారం తక్కువంటాడు, అన్నం మెత్తబడిందంటాడు, మంచినీళ్ళు చప్పగా ఉన్నాయంటాడు. ఎక్కడో ఒకచోట తగలకపోతుందా అని అతని ఆశ. ఇవాళ "చారు చల్లారిపోయింది" దగ్గర ఆగిపోయాడు పాపం.

"ఓలమ్మా రత్నం, ఇది చారేటి, బాలింతకిచ్చే కసాయమేటి?" అన్నాడు పైడయ్య చిన్నాన్న ఒక గుక్క తాగి.

"ఉన్నావులే చిన్నానా" అన్నాను.

ఆయన మాకందరికీ పెద్ద. ఒకప్పుడు కట్ట మీద రాళ్ళు మోసిన మనిషి. ఈ ఇంట్లో ఎవరుండాలో, ఎవరు బయటికి వెళ్ళచ్చో ఆయనే చెప్పాలి.

సాయంత్రం గేటు దగ్గర్నుంచి కబురొచ్చింది. బుధవారం నా కూతురు కుసుమ వస్తుందట. నేను ఇక్కడ చేరాక అది రావడం ఇదే మొదలు. పిల్లని కూడా తెస్తుందట. దానికో పిల్ల ఉందన్న సంగతే నాకు ఈ కబురుతో తెలిసింది.

మంగళవారం

వంట: ఎండు నెత్తళ్ళ ఇగురు, అన్నం.
తప్పు: ఇగురులో చిటికెడు పంచదార.
పట్టింది: సత్తిబాబు. నిజంగానే పట్టాడు. అయిదు అబద్ధాల తర్వాత.

బుట్టెడు నెత్తళ్ళు. ఒక్కోదానికీ తల గిల్లాలి, కడుపు గిల్లాలి, నీళ్ళలో వేయాలి. మళ్ళీ ఇంకోటి. ఎన్ని గిల్లినా బుట్ట తగ్గదు. కట్ట వంటశాలలో ఇదే పని బండెడు చేసేదాన్ని, ఒక్క నెత్తళ్ళ తలకాయ కూడా నాకు గుర్తులేదు. చెవి వెనక బిళ్ళ అంటించుకుంటే మనిషి గైరు. అలవాటైన పని చేతులు చేసుకుపోతాయి, అలవాటైన మాట నోరు చెబుతుంది. అలాగేనండి, సరేనండి, తిన్నారాండి. లోపల మనిషి ఉండడు. పూట అయ్యాక బిళ్ళ దానంతటదే రాలి పడుతుంది. కళ్ళు విప్పేసరికి పని అయిపోయి ఉంటుంది, ఒళ్ళు మాత్రం ఎందుకో నొప్పిగా ఉంటుంది.

సముద్రం మీదికొస్తోందని కట్ట కట్టడం మొదలుపెట్టినప్పుడు, రాళ్ళు మోసేవాళ్ళ కోసం వచ్చిందీ బిళ్ళ. ఆ గాలికి యంత్రాలు తుప్పు పట్టిపోతాయి. మనుషులు పట్టరు కదా. నేను మొదట పొయ్యి దగ్గర మాత్రమే పెట్టుకునేదాన్ని. తర్వాత బస్సులో. తర్వాత బట్టలుతికేటప్పుడు. తర్వాత పిల్లకి జ్వరమొచ్చి రాత్రంతా మూలిగితే. ఆఖరికి ఆదివారాలు మిగిలాయి. అవొక్కటే మిగిలితే ఏం బాగుంటుందని వాటికీ పెట్టేశాను.

ఇప్పుడు బిళ్ళ లేదు. నెత్తళ్ళున్నాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక పొద్దు గడవదు. గడవదంటే గడవదు. గోడ మీద ఎండ నా కళ్ళముందే కూర్చుని ఉంటుంది, లేచి పోదు. నెలకోసారి ఊళ్ళోంచి ఒక మేడమ్ వచ్చి, పడుకునే ముందు కృతజ్ఞత చెప్పుకోండి అంటుంది. దేనికమ్మా అని అడిగాను. జీవితానికి అంది. ఆవిడ ఎప్పుడైనా బుట్టెడు నెత్తళ్ళు గిల్లి ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

చిన్నాన్న వచ్చి ఎదురుగా పీట వేసుకుని తనూ గిల్లడం మొదలుపెట్టాడు.

"బయమేస్తందా?" అన్నాడు.

"భయం కాదు. నీరసం."

"రెండూ ఒకలాగే ఉంటాయిలే" అన్నాడు.

ఇద్దరం బుట్ట పూర్తి చేశాం.

బుధవారం

వంట: తెల్లన్నం, ముద్దపప్పు, వంకాయ నువ్వులపొడి కూర, పులుసు, గడ్డపెరుగు.
తప్పు: లేదు.

ఆ "లేదు" వల్లే ఇవాళ నా పరువు గంగలో కలిసింది.

కూతురు వస్తోంది కదా, ఒక్క పూట సవ్యంగా వండుదామనుకున్నాను. అంతే నా నేరం. ఎవరికీ ముందు చెప్పలేదు. ఉన్న నాలుగు వంకాయలకీ నువ్వుల పొడి దట్టించాను, పులుసు రెండుసార్లు రుచి చూశాను.

కుసుమ మా అందరితో పాటు బంతిలో కూర్చుంది. చిక్కిపోయింది. ఒడిలో పిల్ల, పేరు జలజ అట. బొటనవేలు నోట్లో పెట్టుకుని నన్ను అనుమానంగా చూసింది. నాకు నచ్చింది. చూసీ చూడగానే నవ్వే పిల్లల్ని నేను నమ్మను.

అందరూ తినడం మొదలుపెట్టారు. పప్పు అయింది. కూర అయింది. ఎవరూ మాట్లాడలేదు. సత్తిబాబు ఉప్పెక్కువ అన్నాడు గాని గొంతులో జీవం లేదు. పులుసు పోసుకున్నారు, మళ్ళీ పప్పుకి వెనక్కి వెళ్ళారు, మెతుకు మెతుకూ నలిపి చూశారు. ఒకావిడ పెరుగు వాసన చూసింది. నాలుక పోయిందేమోనని సత్తిబాబు పచ్చిమిరపకాయ కొరికాడు, కళ్ళెమ్మట నీళ్ళు కారుతుంటే "నేనున్నాను, నేనున్నాను" అని అందరికీ చూపించుకున్నాడు.

అప్పుడు ఒక్కొక్కళ్ళే నా వైపు తిరిగారు. తినేవాళ్ళలో తేడా లేకపోతే వండినామెలోనే తేడా ఉండాలి. చేయి అలవాటుగా వండేసి ఉండాలి.

"రత్నమ్మగారూ, ఒక్కసారి చెవి చూపించండి" అన్నాడు సత్తిబాబు వణుకుతూ.

నా కూతురి ఎదుట జుట్టు పైకెత్తి రెండు చెవుల వెనకా చూపించాను. చిన్నాన్న స్వయంగా తడిమి చూశాడు. ఏమీ లేదు.

"తప్పు సెయ్యడం మర్సిపోనావా?" అన్నాడు.

"మర్చిపోలేదు. నా కూతురొచ్చిందని చేయలేదు" అన్నాను. ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. "మనిషన్నాక ఒక్కపూట మంచి కూర వండకూడదా?"

అందరూ తలలు దించుకుని మళ్ళీ తిన్నారు. ఈసారి ఇష్టంగానే తిన్నారు, పులుసు గిన్నె ఖాళీ.

కుసుమ మాత్రం మొదట్నుంచీ హాయిగా తింది. "అమ్మ వంట ఎప్పుడూ ఇలాగే ఉండేది" అంది పక్కావిడతో. గర్వంగా అంది. ఆ మాట నాకెలా తగిలిందో దానికి తెలియదు.

తిన్నాక వసారాలో కూర్చున్నాం. విషయం చెప్పింది. తుఫాను నెలలొస్తున్నాయి, కట్ట ఎత్తు పెంచుతున్నారు, ఇంటికొకరు పనిలోకి రావాలి. రాకపోతే ఇల్లు ఖాళీ చేసి లోతట్టు గుడారాలకి పోవాలి. దాని మొగుడు రాళ్ళ ఓడ మీద ఉన్నాడు, వర్షాలు వెలిసేదాకా రాడు. కుసుమే వెళ్ళాలి. పిల్లని చూసేవాళ్ళు లేరు.

"కట్ట వాళ్ళ పిల్లల శాల ఉంది కదా" అన్నాను.

"ఉంది. చూసొచ్చానమ్మా. అక్కడ ఏ పిల్లా ఏడవదు" అంది. పిల్ల జుట్టు సవరిస్తూ, "ఆయాలందరూ గైరే. ఏడ్చినా ఎవరూ రారని పిల్లలకి తెలిసిపోద్దంట, మానేస్తారంట" అంది.

జలజ మధ్యాహ్నం మొదలుపెడితే దీపాల వేళదాకా ఏడుస్తుందట. డాక్టరు ఏమీ లేదన్నాడు, కొందరు పిల్లలంతే అన్నాడట.

"నువ్వు రా అమ్మా. ఇది పెట్టుకుని పిల్లని చూసుకో" అంటూ నా అరచేతిలో ఒక కాగితం పొట్లం పెట్టింది. విప్పకుండానే లోపల బిళ్ళ ఉందని తెలిసింది. "నన్నూ అలాగే పెంచావు కదా. ఒక్క రోజూ విసుక్కోలేదు, ఒక్క దెబ్బ వేయలేదు. నువ్వప్పుడే బాగుండేదానివమ్మా. ఇక్కడికొచ్చాక ఎలా అయిపోయావో చూడు. అందరి మీదా అరుస్తున్నావు."

పొట్లం కొంగున ముడేసుకున్నాను. ఆదివారం మళ్ళీ వస్తానంది. వెళ్ళేటప్పుడు పిల్ల నా వైపు చూస్తూ మొదలుపెట్టింది. గేటు దాటాక కూడా చాలాసేపు వినిపించింది.

గురువారం

వంట: ఉప్మా. రెండు పూటలా.
తప్పు: రెండో పూట ఉప్మా చేయడమే తప్పు. అందరూ పట్టారు.

పొట్లం కందిపప్పు డబ్బాలో ఉంది. ఇంట్లో బిళ్ళ దొరికితే ఆ మనిషికి ఇక్కడ చోటు లేదు. ఆ సంగతి నాకు తెలుసు, పప్పుకీ తెలిసినట్టే ఉంది. పొద్దుట్నుంచి పప్పు జోలికి పోకుండా ఉప్మాలు చేస్తున్నాను.

చెప్పేస్తున్నాను, నాకు ఆ బిళ్ళ కావాలనిపించింది. పిల్ల కోసం కాదు. ఆ మధ్యాహ్నం కోసం. ఇంకా రాని మధ్యాహ్నాలన్నిటి కోసం. నా కూతురు మొదటిసారి ఒకటి అడిగింది. అడిగింది నన్ను కాదు, నేను లేని నన్ను. ఇస్తే ఏం పోతుంది? ఇల్లుంటుంది, పిల్లకి పాలు వేళకి అందుతాయి, కుసుమ నా మొహం చూసి నవ్వుతుంది. పోయేదల్లా నేనొక్కదాన్నే. నేనున్నందువల్ల ఇప్పటిదాకా ఎవరికి ఒరిగింది గనక.

ఇవతల పడితే నుయ్యి, అవతల పడితే గొయ్యి. బిళ్ళ పెట్టుకోకుండా వెళితే ఆ ఏడుపు నేను భరించగలనా? నెత్తళ్ళ బుట్టకే నా తల ప్రాణం తోకకొచ్చింది.

గోడ మీద ఎండ కదలనప్పుడు డబ్బా తీసి, పొట్లం పట్టుకుని, నేరుగా చిన్నాన్న దగ్గరికి వెళ్ళి ముందు పెట్టాను. ఆయన వల అల్లుతున్నాడు. చూశాడు. అల్లడం ఆపలేదు.

"పంపేస్తావా?" అన్నాను.

"నువ్వే తెచ్చి ఇస్తే దొరికినట్టెలాగవుద్ది" అన్నాడు. "కూకో."

కూర్చున్నాను. వల ఒక వరస అల్లాక మాట్లాడాడు.

"మీ పిన్ని పోయినప్పుడు నాను గైరులో ఉన్నాను. పొద్దున్న బిళ్ళెట్టుకొని కట్ట మీదికెల్నాను. కాసేపటికి కబురొచ్చిందంట. ఇంటికెల్నానంట. కుండట్టుకొని మూడు సుట్లు తిరిగానంట, కొరివెట్టానంట. మాయమ్మకీ మా అయ్యకీ సేసిన సెయ్యే గదా, దానికలవాటే. ఎక్కడా తడబళ్ళేదంట. పైడయ్య ఎంత నిబ్బరంగా సేసాడో అని ఊరోళ్ళు ఇప్పటికీ సెప్తారు."

"నీకెప్పుడు తెలిసింది?"

"బిళ్ళ రాలినాక. ఇంట్లో సాప మీద కూకున్నాను. మూల దీపమెలుగుతంది. ఏటే, ఇంకా అన్నమెట్టవా అని కేకేసాను."

సూది వలలోకి దూర్చాడు, తీశాడు. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు, ఆయనకి అది పాతబడిపోయి ఉంటుంది.

"నేను వెళ్ళనా వద్దా?" అని అడిగాను.

"ఎల్లు. పొట్లం నాకాడుంచు. ఒక్క మాట ఇను రత్నం. ఏడుపు ఆపాలని సూడకు. ఆపాలనుకున్నోడికే బిళ్ళ కావాలి. అది ఏడుత్తాది, నువ్వెత్తుకుంటావు, అంతే పని. మరి నావల్ల కాదంటే ఆ పిల్లగుంటని దించి, గుమ్మంలో కూకో. కూకొని మళ్ళీ ఎల్లు."

"అంతేనా?"

"ఇంకేటుంటాదనుకున్నావు?" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంకేదో ఉంటుందనే అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఈ ముసలాయన దగ్గర ఏదో కిటుకుందనే నమ్మాను.

ఆదివారం

వంట నేను చేయలేదు. సత్తిబాబు చేశాడు. తప్పులు రాయాలంటే ఈ పేజీ సరిపోదు.

కుసుమ పిల్ల ఏడుపుతోనే గేటు దగ్గర దిగింది. వసారాలో కూర్చోకుండానే అడిగింది, ఏమనుకున్నావని.

"వస్తాను. బిళ్ళ లేకుండా వస్తాను" అన్నాను.

"అయితే వద్దు" అంది.

నేను వెళ్తానంటే అది వద్దంటుందని నాకు తోచనేలేదు. నా మొహం చూసి కారణం తనే చెప్పింది. "నీకిప్పుడు ఓపిక లేదమ్మా. చూసాను కదా మొన్న. కూరలో తప్పు లేదంటేనే అంతలా అరిచావు. ఇది పూటంతా ఏడుస్తుంది. విసుగొచ్చి దీన్ని కొడితే? నువ్వెలాంటిదానివో నాకేం తెలుసు? నాకు తెలిసింది ఆ అమ్మే."

"ఆ అమ్మ నేను కాదే."

"మరి నన్నెవరు పెంచారు?"

చేతులు పెంచాయి. పిల్ల ఏడుస్తూనే ఉంది. దాన్నలా ఊపుతూ, నా వైపు చూడకుండా, కుసుమ మాట్లాడటం మొదలుపెట్టింది.

"చిన్నప్పుడోసారి మెట్ల మీంచి పడ్డాను. గెడ్డం చీరుకుపోయింది. నువ్వు కడిగావు, గుడ్డ కట్టావు, పద అన్నం తిందువుగాని అన్నావు. నవ్వుతూనే అన్నావు. పక్కింటి గుంట పడితే వాళ్ళమ్మ ముందు రెండు తగిలించి, తర్వాత దాన్ని పట్టుకుని ఏడ్చింది. నువ్వు నన్ను కొట్టలేదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. తర్వాత నాకేటో అయింది. వంటింట్లోకెళ్ళి కుండలు పగలగొట్టాను. కావాలనే. ఒక్కోటి ఎత్తి నీ కాళ్ళ దగ్గర పడేసాను. నువ్వు చీపురు తెచ్చి ఊడ్చి, తిన్నావా అమ్మా అన్నావు."

ఆ రోజు నాకు తెలియదు. ఏ రోజో కూడా తెలియదు. నా ఇంట్లో, నా కాళ్ళ దగ్గర జరిగింది.

"ఏ కుండలు?" అన్నాను.

"మూడు. మట్టివి."

"పులుసు చట్టి కూడానా? మా అత్త ఇచ్చిన నల్ల చట్టి?"

"అదే ముందు పగలగొట్టాను."

నాకు నిజంగానే ఒళ్ళు మండిపోయింది. ఆ చట్టి కోసం నేను ఎన్నాళ్ళు వెతికానో. నా పెళ్ళినాడు అత్త నా చేతిలో పెట్టింది, అంతకుముందు ఆవిడకి వాళ్ళత్త పెట్టిందట. ఎవరో ఎత్తుకుపోయారనుకుని పక్కింటావిడతో మాటలు మానేశాను.

"ఒలే, నీకు బుద్ధుందా?" అన్నాను. ఆ తర్వాత అన్నవన్నీ రాయను, మేడమ్ చదివితే బాగుండదు. పాడుముండ అన్నాను, ఇల్లు గుల్ల చేయడానికి పుట్టావన్నాను, చట్టి ముక్కలు నీ నెత్తిన కొట్టాల్సిందన్నాను. గెడ్డం చీరుకుంటే మాత్రం నా చట్టి ఏం చేసిందే నీకు అని అడిగాను. ఆ మెట్ల మీద పరిగెత్తొద్దని ఎన్నిసార్లు చెప్పానని అడిగాను. నిజానికి ఒక్కసారీ చెప్పి ఉండను. లోపల్నుంచి జనం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పిల్ల జడుసుకుని ఏడుపాపి నన్నే చూసింది.

కుసుమ కూడా చూసింది. తర్వాత ఆ వసారా మెట్టు మీద చతికిలబడి, ఇంత వయసొచ్చిన మనిషి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను దాని పక్కన కూర్చుని గెడ్డం పట్టి పైకెత్తి చూశాను. మచ్చ ఉంది. తెల్లగా, గోరంత. దాన్ని నేను ఇంతకుముందెప్పుడూ చూడలేదు.

"నొప్పేసిందా?" అన్నాను.

"మరి?" అంది ముక్కు చీదుతూ. "ఇప్పుడా అడుగుతావు?"

ఇప్పుడే అడగగలను. ఆ మాటే చెప్పాను.

కళ్ళు తుడుచుకుని, "దీన్ని మాత్రం కొట్టకు" అంది. కొట్టనన్నాను. విసుక్కుంటానని కూడా చెప్పాను, అబద్ధమెందుకు. చిన్నాన్న నా గుడ్డల మూట తనే తెచ్చి మెట్టు మీద పెట్టాడు.

మంగళవారం, కుసుమ ఇంట్లో

వంటింటి పుస్తకం ఆ ఇంటిది. చిన్నాన్న వెనక నుంచి కొన్ని కాగితాలు చింపి ఇచ్చాడు. అలవాటు కొద్దీ రాస్తున్నాను. ఇవాళ వంట గంజి ఒక్కటే.

ఇల్లు కట్టకి ఆనుకునే ఉంది. గోడ అవతల సముద్రం కొడుతుంటే గిన్నెలు చిన్నగా కదులుతాయి. కుసుమ పొద్దున్నే చెవి వెనక బిళ్ళ అంటించుకుని వెళ్ళింది. రాళ్ళ దగ్గర అది లేకుండా రానివ్వరు. గుమ్మం దాటుతూ "వెళ్ళొస్తానండి" అంది నాతో. అండి అంది. నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

జలజ అనుకున్న వేళకే మొదలుపెట్టింది. పాలు తాగదు, తట్టినా ఆగదు, కిందికి దించితే ఇంకో గుక్క ఎక్కువ. భుజాన వేసుకుని ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగాను. ఏడుపు దగ్గర్నుంచి వింటే అంతా ఒకటి కాదు. మొదట కోపం, తర్వాత ఫిర్యాదు, తర్వాత ఊరికే గొంతు తిరిగే ఏడుపు, నీరసపడి మళ్ళీ కోపం. నడుం పట్టేసింది. ఒకసారి "నోర్ముయ్యవే" అన్నాను, గట్టిగానే. ఒకసారి ఇక నావల్ల కాక చాప మీద దించి గుమ్మంలో కూర్చున్నాను. వీధిలో మనుషులు నవ్వు మొహాలతో ఒకళ్ళకొకళ్ళు దారిచ్చుకుంటూ పోతున్నారు. ఒక్కరూ ఈ ఏడుపుకి తల తిప్పలేదు. కూర్చున్నాను, లేచాను, మళ్ళీ ఎత్తుకున్నాను.

దీన్ని నేను సంతోషం అనను. ఆ మేడమ్ అడిగితే చెప్పను కూడా. కానీ పిల్ల తల నా మెడ మీద చెమట పట్టి అంటుకుని ఉంది, పాల వాసన, ఉచ్చ వాసన. ఆ పూటలో ఒక్క క్షణం కూడా నన్ను దాటి పోలేదు. అన్నీ నాకే తగిలాయి. కుసుమకి జ్వరమొచ్చి మూలిగిన రాత్రి కూడా ఇలాగే ఉండి ఉంటుంది, అది నాకు లేదు, ఇక రాదు. ఇది మాత్రం దక్కింది. ఎవరు ఇచ్చారో తెలియదు. వాళ్ళకి దండం. నాకు పడుకోవాలని ఉంది.

పొద్దు వాలుతుండగా కుసుమ వచ్చింది. భుజాల నిండా రాతిపొడి, అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. నవ్వుతోంది. చెప్పులు విడిచి వరసగా పెట్టింది. కాళ్ళు కడుక్కుంది. ఏడుస్తున్న పిల్ల పక్కనుంచే నడిచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"తిన్నారా?" అంది.

"తిన్నాను."

"బాగుందండి" అంది.

పెరిగినన్నాళ్ళూ అది నాలో చూసింది ఈ మొహాన్నే. నేను దాని కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. ఆ చేతులు పట్టుకుని కొంగుతో తుడిచాను. ఊరుకుంది. చేతులు వేడిగానే ఉన్నాయి. పిల్లని భుజం మార్చుకున్నాను, మళ్ళీ తుడిచాను. ఎంతసేపైనా కూర్చుంటాను, నేనెక్కడికీ పోను అని చెప్పాను. దానికి వినిపించదని తెలుసు.

చెవి వెనక నుంచి బిళ్ళ రాలి చాప మీద పడింది. కుసుమ కనురెప్పలు అల్లాడాయి. నవ్వు జారిపోయింది, మొహం ముడుచుకుపోయింది, నడుం మీద చెయ్యి వేసుకుని అబ్బా అంది. చీరుకున్న చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంది. తర్వాత నన్ను చూసింది, పిల్లని చూసింది.

"ఏటమ్మా ఈ గోల" అంది చిరాగ్గా. "పొద్దుట్నుంచి ఇలాగే ఏడుస్తోందా?"

"మధ్యాహ్నం నుంచి. కూర్చో, గంజి ఇస్తాను."

"ముందు దాన్నిలా ఇయ్యి" అని చేతులు చాపింది. ఇచ్చాను. గంజి తెచ్చి పక్కనే కూర్చున్నాను. ముగ్గురం గోడకి చేరబడ్డాం. జలజ ఇంకా ఏడుస్తూనే ఉంది.